మూడో అంతస్తులో మిషను

“నాకు నా మనిషి కావాలక్కా.”

ఫోనులో ఆ మాట చెవిన పడగానే కండక్టరమ్మకు గొంతులో టీ అడ్డం తిరిగింది. మొన్నగాక మొన్న కమిలిన చెంపతో, కాళ్లకు చెప్పులైనా లేకుండా మూడంతస్తుల మెట్లు దిగి వచ్చేసిన పిల్ల. చెంప మీది నలుపు ఇంకా పసుపులోకైనా తిరగలేదు, అప్పుడే మనసు తిరిగిందా?

“ఏమన్నావూ?” అనబోయి నాలుక కరుచుకుంది.

“అక్కా, ఉన్నావా?”

“ఉన్నానమ్మా. ఎప్పుడు?”

“ఇవాళే. మధ్యాహ్నం. లేకపోతే నాకు బతుకు లేదక్కా.”

“సరే. ఏర్పాటు చేస్తా.”

ఫోను పెట్టేసింది. గోడకవతల బేకరీలో పిండి కలిపే యంత్రం గడగడమని తిరుగుతూనే ఉంది. ఆ గడగడే కొంప ముంచింది. అటువైపు పిల్ల అన్నది “నా మిషను కావాలక్కా” అని. కుట్టు మిషను. పాపం, పిండితోపాటు ఆ మాట కూడా కలగాపులగమై ఇవతలికి మనిషై వచ్చింది.

మరి మళ్లీ ఒకసారి అడగొచ్చు కదా అంటారు. అడగకూడదు. అదే అక్కడి రూలు.

బేకరీ వెనక ఉన్న ఆ గది పేరు ‘తోడు’. బోర్డు లేదు, బడ్జెట్టు లేదు, బల్ల ఒక్కటే ఉంది. పొయ్యి తాలూకు గోడ కాబట్టి చలికాలం వెచ్చగా, ఎండాకాలం మరీ వెచ్చగా ఉంటుంది. ఇంట్లో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్లు అక్కడికి వస్తారు. “పాలకైతే చెంచాడు తోడు చాలు, మనిషికైతే నలుగురు కావాలి” అంటుంది కండక్టరమ్మ. ఆ నలుగురిలో ఒకరు తలదాచుకోవడానికి గది ఇస్తారు, ఒకరు ఆస్పత్రికి వెంట వెళతారు, ఒకరు పని చూసిపెడతారు, ఒకరు స్టేషనులో పక్కన కూర్చుంటారు. కండక్టరమ్మ అందరినీ కలుపుతుంది. రిటైరయ్యేదాకా సిటీ బస్సులో కండక్టరు. ముందు తలుపు దగ్గర ఆమె “దిగండి!” అంటే, వెనక సీట్లో నిద్రపోయేవాడు తన స్టాపు కాకపోయినా దిగిపోయేవాడని చెప్పుకుంటారు.

రూళ్లన్నీ ఆమె పెట్టినవే. మొదటిది: వచ్చిన మనిషి ఒకసారి చెప్పిన మాటను రెండోసారి అడగకూడదు. ఆ ఆడవాళ్లు వచ్చిందే మాటమాటకూ ‘నిజమా? నిజంగానా? మళ్లీ చెప్పు’ అని నిలదీసే ఇళ్లలోంచి. “టికెట్టు కొట్టాక ఎక్కడికీ అని మళ్లీ అడుగుతామా? ఎక్కడికి కొట్టమంటే అక్కడికే.” రెండోది: ఆమె తరఫున మాట్లాడకూడదు. పక్కన నిలబడాలి, అంతే. ఈ రెండో రూలు పెట్టిన రోజున అందరికంటే ఎక్కువ కష్టం తనకేనని కండక్టరమ్మకు తెలుసు. నోరు మూసుకోవడమంటే ఆమెకు నిండు బస్సుకు తలుపు మూసినంత పని.

వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లకు కూడా ‘తోడు’ ఒక పద్ధతి పెట్టుకుంది. తిట్టరు, మొహం మాడ్చుకోరు. ఇరుగుపొరుగులో ఒక మంచి మనిషిని చూసి, ఫలానా రోజు ఆమె వస్తోంది, కాస్త కన్నేసి ఉంచండి అని ముందే చెబుతారు. ఆమె చేతిలో చిన్న ఫోను పెడతారు.

కండక్టరమ్మ కళ్లు తుడుచుకుని బేకరీలోకి వెళ్లింది. బేకరీ బాబాయి వ్యానులోకి రొట్టెల ట్రేలు ఎక్కిస్తున్నాడు.

“బాబాయ్, నువ్వు వెళ్లే దారిలోనే కదా ఆ టైలరమ్మాయి ఇల్లు. కింద ఉండే ఓనరమ్మకు ఒక మాట చెప్పు. ఈ మధ్యాహ్నం ఆ పిల్ల వస్తోందని. మనిషి కావాలంటోందని.”

బాబాయి ట్రే కింద పెట్టేశాడు. “ఏ మనిషి? ఆ లిఫ్టు మెకానిక్కా?”

“ఇంకెవరు?”

“అమ్మా, వాడు ఊళ్లో లిఫ్టులన్నీ పైకి లేపుతాడు, ఇంటికొచ్చి చెయ్యి లేపుతాడు. పొయ్యిలోంచి తీసిన రొట్టెను ఎవరైనా మళ్లీ పొయ్యిలో పెడతారా?”

“రొట్టెకు నోరు లేదు బాబాయ్. ఆ పిల్లకుంది. అడిగింది.”

“నువ్వు మళ్లీ ఒకసారి...”

“రూలు.”

“రూలు నా రొట్టె!” అని గొణుక్కుంటూ బాబాయి వెళ్లిపోయాడు. గొణిగినా పని మాత్రం చేసే రకం. పిండితో పని చేసేవాడి ఓర్పు ఎంత పిసికినా సాగుతుందే తప్ప తెగదు.

మధ్యాహ్నం కండక్టరమ్మ చిన్న ఫోను సంచిలో వేసుకుని నర్సమ్మ ఇంటికి వెళ్లింది. నర్సమ్మ అసలు పేరు నర్సమ్మ కాదు. ఆస్పత్రిలో నర్సు, అంతే. వాళ్ల ఇంట్లో పై గదిలోనే టైలరమ్మాయి ఉంటోంది. తలుపు తీసేసరికి ఆ పిల్ల నేల మీద కూర్చుని పాత దుప్పటి మడత పెడుతోంది. పక్కన తాడు చుట్ట, స్క్రూడ్రైవరు, నూనె డబ్బా.

“తాడెందుకే?”

“కట్టడానికక్కా.”

“కట్టడానికా? సరే, ఆ స్క్రూడ్రైవరో?”

“తల ఊడదీయాలి కదా.”

కండక్టరమ్మ గోడ పట్టుకుంది. “తలా?”

“తల తీస్తే గాని మెట్ల మీంచి దింపలేమక్కా. మనిషి ఒక్కడు మోయలేడు. కాళ్లు ఇనపవి.”

“ఎవరి కాళ్లు?”

“మిషనువి!” అని ఆ పిల్ల తలెత్తింది. “పొద్దున చెప్పాను కదా, నా మిషను కావాలని.”

కండక్టరమ్మ చతికిలబడింది. కాసేపు నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

“అమ్మా, నాకు మనిషి అని వినపడింది. బాబాయి చేత మీ ఓనరమ్మకు చెప్పించేశాను. ఆవిడ ఈపాటికి అతనికి చెప్పే ఉంటుంది. అతను డ్యూటీ మానేసి ఇంట్లోనే ఉంటాడు.”

టైలరమ్మాయి చేతిలోంచి దుప్పటి జారింది. అతను లేని వేళ చూసి, ఓనరమ్మ దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీయించి, మిషను తెచ్చేసుకోవాలని ఆమె అనుకుంది.

నర్సమ్మ డ్యూటీ బట్టల్లోనే మెట్లెక్కి వచ్చి విషయం విన్నది. “రేపు పోదాం. స్టేషనులో చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని పోదాం” అంది.

“రేపు పొద్దున పని మొదలు నర్సమ్మా. మీరే కదా చూసిపెట్టారు.”

అది నిజం. ఆస్పత్రిలో కొత్త వార్డులకు కర్టెన్లు, దుప్పట్లు కుట్టే పని. సొంత మిషను ఉన్నవాళ్లనే తీసుకుంటామన్నారు. ఆ పని దొరికితే ఒక గది, ఒక తాళం, ఆ తాళానికి తన చేతిలోనే చెవి. దొరక్కపోతే ఎవరి ఇంట్లోనో పై గది. ఎంత మంచివాళ్ల గది అయినా మనది కాని గదిలో రాత్రిళ్లు నిద్ర పక్కకు ఒత్తిగిలి పడుకుంటుంది.

“ఇంకొకటి” అంది పిల్ల. “నేను రానని తెలిస్తే ఆయన దాన్ని ఉంచడు. పోయినసారి కోపంలో బెల్టు తెంపాడు. ఈసారి ఏం చేస్తాడో.” దుప్పటి తీసుకుని మళ్లీ మడత పెట్టింది. “వెళ్దాం అక్కా. ఆయన ఉన్నా సరే.”

‘నిజంగానా?’ అన్న మాట కండక్టరమ్మ పళ్లదాకా వచ్చింది. వెనక్కి నెట్టింది. “పద” అంది.

నర్సమ్మ స్టేషనుకు ఫోను చేసి పెట్టింది. పిలిస్తే వస్తామన్నారు. బాబాయి వ్యాను ఖాళీ చేసి తెచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. “మిషనని వినపడి ఉంటే నేను ఎగిరి గంతేసేవాణ్ణి కదమ్మా! నేనెళ్లి ఓనరమ్మకు చెప్తే ఆవిడ ఆనందంతో నా చెయ్యి పట్టుకుని ఊపింది. రెండు బన్నులు ఎక్కువ కొన్నది కూడా.”

“ఇప్పుడు పద్ధతి గుర్తుందా?” అంది కండక్టరమ్మ.

“మలుపుకొకరు.”

అదీ వాళ్ల పద్ధతి. సామాను కోసం వెళ్లినప్పుడు మెట్ల ప్రతి మలుపులోనూ ఒకరు నిలబడతారు. గొడవ పడరు, జవాబు చెప్పరు. దిగే దారి ఎక్కడా మూసుకుపోకుండా చూస్తారు. అంతే.

ఊళ్లో లిఫ్టులు బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదు. మూడంతస్తులూ మెట్లే. కింద గుమ్మం దగ్గరికి చేరేసరికే విషయం అర్థమైంది. అతను డ్యూటీ మానెయ్యడమే కాదు, మేడంతా పిలుపులు కూడా పెట్టేశాడు. మెట్ల పక్కన తలుపులన్నీ తీసి ఉన్నాయి. గుమ్మాల్లో జనం. ఓనరమ్మ మొహం చాటంత చేసుకుని ఎదురొచ్చింది.

“వచ్చావా తల్లీ! ఎంత మంచి పని చేశావు. ఆలుమగలన్నాక కొట్టుకుంటారు, కలుసుకుంటారు.”

“కొట్టుకోవడం కాదు పిన్నిగారూ, కొట్టడం” అని టైలరమ్మాయి చాలా మెల్లిగా అంది. ఎంత మెల్లిగా అంటే, కండక్టరమ్మకు తప్ప ఎవరికీ వినపడలేదు.

బాబాయి మొదటి మలుపులో, నర్సమ్మ రెండో మలుపులో ఆగారు. కండక్టరమ్మ పిల్ల వెనకాలే, ఒక్క మెట్టు కింద. మెట్టు మెట్టుకూ ఒక దీవెన, ఒక సలహా. “సర్దుకుపోవాలమ్మా.” “మగాడన్నాక ఆ మాత్రం ఉంటుంది.” “కోపం ఉన్నచోటే ప్రేమ ఉంటుంది.” ఆ లెక్కన కరిచే కుక్క ఉన్నచోట కూడా ప్రేమే ఉండాలి అనబోయింది కండక్టరమ్మ. నోరు నొక్కుకుంది. రెండో రూలు.

పైన గుమ్మంలో అతను. స్నానం, షేవింగు, ఇస్త్రీ చొక్కా. పెళ్లిచూపులకు కూచున్నవాడిలా ఉన్నాడు.

“రా” అన్నాడు, నలుగురికీ వినపడేట్టు. “అందరి ముందూ చెప్తున్నా, నాకేం కోపం లేదు. నీ మనిషి నీకు కావాలన్నావంట. చాలు. నాకు ఆ ఒక్క మాట చాలు.”

కింది గుమ్మాల్లోంచి “అబ్బా!” అన్న ఊపిర్లు. ఎవరో చప్పట్లు కూడా కొట్టబోయి ఆగారు.

అతను వచ్చి పిల్ల మోచెయ్యి పట్టుకున్నాడు. కిందినుంచి చూసేవాళ్లకు అది ఆప్యాయత. ఒక్క మెట్టు కిందున్న కండక్టరమ్మకు అతని బొటనవేలు కనపడింది. మోచేతి కీలులోకి ఎలా దిగుతోందో కనపడింది.

ఆమె గొంతు గుక్కపట్టి సిద్ధంగా ఉంది. ఒక్క అరుపు అరిస్తే ఈ మేడ ఖాళీ అవుతుంది. పైగా తప్పు తనది. తప్పు విన్న చెవి తనది, మోసిన నోరు తనది. ‘అయ్యా, అది మనిషి కాదు’ అని తనే అనేస్తే పోదా? కానీ తను అంటే అతనేమంటాడో ఆమెకు తెలుసు. చూశారా, దీనికి మాటలు నేర్పేది ఈవిడే అంటాడు. మేడంతా అవునంటుంది. ఆ తరవాత పిల్ల ఏం మాట్లాడినా అది కండక్టరమ్మ కొట్టిన టికెట్టే అవుతుంది.

కండక్టరమ్మ ఒక మెట్టు ఎక్కింది. పక్కన నిలబడింది. కళ్లు పిల్ల మీద పెట్టింది, అంతే.

“చెయ్యి తియ్యి” అంది పిల్ల.

“ఏంటి?”

“చెయ్యి తియ్యి.” ఈసారి రెండో మలుపుదాకా వినపడింది. నర్సమ్మ తలెత్తింది.

అందరూ చూస్తున్నారు కాబట్టి అతను నవ్వుతూ చెయ్యి తీశాడు. పిల్ల లోపలికి నడిచింది. కిటికీ దగ్గర ఆమె మిషను. దాని మీద అతని అద్దం, షేవింగు బ్రష్షు, సబ్బు నురగ ఎండిన గిన్నె. ఒక్కొక్కటీ తీసి కింద పెట్టింది. పెడలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని చక్రం మీంచి బెల్టు తప్పించింది. తల వెనక్కి వంచి, అడుగున కీళ్ల దగ్గరున్న స్క్రూలకు నూనె చుక్క వేసి, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పింది. పని తెలిసిన వేళ్లకు భయపడే తీరిక ఉండదు.

“ఏం చేస్తున్నావు?”

“తీసుకెళ్తున్నా.”

“ఎవర్ని అడిగి?”

“నాది.”

అతనికప్పుడు అర్థమైంది. గబగబా గుమ్మంలోకి వచ్చి జనం వైపు తిరిగాడు. “చూశారా? మనిషి కావాలని కబురు పంపి, ఇప్పుడు సామాను ఎత్తుకుపోతోంది! పిచ్చివాణ్ణి చేసింది నన్ను. మీరే చెప్పండి, అలా కబురు వచ్చిందా లేదా?”

“వచ్చింది” అన్నారు జనం. గొడవ మొదలైంది. ఓనరమ్మ ఆయాసపడుతూ పైకొచ్చి కండక్టరమ్మను నిలేసింది. “ఏమమ్మా, మీ బేకరీ ఆయనే కదా నాతో చెప్పింది? మనిషి కావాలంటోందని? నాటకాలా?”

కండక్టరమ్మ గదిలోకి చూసి అడిగింది: “నేను చెప్పనా, నువ్వు చెప్తావా?”

“నేనే చెప్తా.”

పిల్ల మిషను తలను దుప్పటిలో చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. అతను చెయ్యి అడ్డంగా పెట్టాడు. ఆమె ఆ చేతి మీదుగానే మాట్లాడింది, మెట్ల పైకీ కిందికీ.

“అందరూ వినండి. పొద్దున ఫోన్లో నేనడిగింది మిషను. అక్క వెనకాల బేకరీలో పిండి తిరుగుతోంది. ఆ మోతలో అక్కకు మనిషి అని వినపడింది. అక్క బాబాయికి చెప్పింది, బాబాయి పిన్నిగారికి చెప్పాడు, పిన్నిగారు ఈయనకు చెప్పారు, ఈయన మీకందరికీ చెప్పాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. తప్పు వినపడింది.”

“నాకే” అంది కండక్టరమ్మ. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

“పోనీలే, వచ్చావు కదా, ఎలాగూ...” అని ఎవరో మొదలుపెట్టారు.

“ఇంకా అవలేదు.” పిల్ల గొంతు చిరిగింది కానీ తగ్గలేదు. “ఆ మాట ఒక్కటే తప్పు వినపడింది. ఈ గోడల్లోంచి మీకు వినపడ్డవేవీ తప్పు వినపడలేదు. గిన్నెలు పడ్డాయనుకున్నారు. మంచం జరిపారనుకున్నారు. మర్నాడు పొద్దున మెట్ల మీద మీరడిగితే నేనే అలా చెప్పాను. గిన్నెలు కావు. మంచం కాదు. గోడకు తగిలింది నేను.”

ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. రెండో అంతస్తు ఆవిడ, పిల్ల ఇంటికి సరిగ్గా కింద ఉండేది, తన తలుపు గడియ వైపే చూస్తూ నిలబడింది.

“ఇది నా ఇంటి విషయం” అన్నాడు అతను. “ఎవరికీ సంబంధం లేదు.”

పాపం, జనాన్ని పిలిచింది తనేనని మరిచిపోయాడు. సఖ్యతకు సాక్ష్యం చెబుతారని పోగుచేసిన మందే ఇప్పుడు సాక్షులై కూర్చుంది. నలుగురి ముందూ మంచివాడనిపించుకుందామని వేసుకున్న ఇస్త్రీ చొక్కా. నలుగురి ముందూ చెయ్యెత్తితే అది నలిగిపోతుంది.

ఓనరమ్మ అతని వైపు చాలాసేపు చూసింది. మొహంలో చాటలన్నీ పోయాయి.

“ఇల్లు నాదయ్యా” అంది. “నువ్వు అద్దెకున్నావు. ఈ గుమ్మం కూడా నాదే. చెయ్యి తియ్యి.”

“పిన్నిగారూ, మీరు కూడా...”

“నాకు గిన్నెలని చెప్పింది. నేను గిన్నెలనే అనుకున్నాను. అనుకుంటే హాయిగా ఉండింది. చెయ్యి తియ్యమన్నానా!”

చెయ్యి కిందికి దిగింది. పిల్ల గుమ్మం దాటింది. మిషను తలతో మెట్టు మెట్టూ దిగింది. నర్సమ్మ మలుపులో ఒక చెయ్యి వేసింది. బాబాయి ఇనప కాళ్ల స్టాండు కోసం పైకి పరిగెత్తాడు. ఒక్కడి వల్ల కాలేదు. రెండో అంతస్తు ఆవిడ, ఇంతసేపూ గడియను చూసిన ఆవిడ, వచ్చి రెండో వైపు పట్టుకుంది.

“గోడకు తగలనివ్వకండి, మొన్ననే రంగేయించా!” అని ఓనరమ్మ వెనకనుంచి అరుస్తోంది. ఏడుస్తూనే అరుస్తోంది.

డాబా మీది గదిలో ఉండే చెవిటి తాత అప్పటికి కర్ర పట్టుకుని దిగొచ్చి, కటకటాల్లోంచి తొంగిచూశాడు.

“ఏమైందర్రా? ఏమంటోంది పిల్ల? మనిషి కావాలంటోందా?”

“మనిషి కాదు తాతా, మిషను!” అని మూడో అంతస్తు వాళ్లు అరిచారు.

“ఎవరి మనిషి?”

“మిషను! మిషను!” అని రెండో అంతస్తు.

“కుట్టు మిషనయ్యా, బేకరీ ఆయన తప్పు చెప్పాడు!” అని కింది వాళ్లు. “నేను తప్పు చెప్పలేదు, తప్పు మాటే తీసుకొచ్చా!” అని స్టాండు కిందినుంచి బాబాయి.

“ఆహా, మిషనా” అన్నాడు తాత. అర్థమైంది. అందరికీ అర్థమైంది. తాత కాసేపు ఆలోచించి మళ్లీ అడిగాడు: “మరి మనిషో?”

కింద వ్యాను తలుపు దగ్గర దుప్పటి మూటను లోపల పెడుతున్న టైలరమ్మాయి తలెత్తింది. కండక్టరమ్మ ఆమె వైపు చూసింది కానీ ఈసారి అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. ఆ పిల్ల గొంతు మూడంతస్తులూ ఎక్కి తాతను చేరింది.

“మనిషి పైనే ఉంటాడు తాతా! వెళ్లేది మిషనూ, నేనూ!”